పక్క గీత ‘అదే’ గీత కాదు

మీలో కొందరు సెలవుల్లో కంప్యూటరు మీద ఆటోకాడ్ నేర్చుకుంటున్నారు. ఆదోనిలో మా పిల్లలూ నేర్చుకుని వచ్చి, “ఆఫ్‌సెట్ నొక్కి దూరం చెబితే చాలు సార్, అదే బొమ్మ పక్కన ఇంకొకటి వచ్చేస్తుంది” అంటున్నారు. ఆ ‘అదే’ అన్న మాట దగ్గరే నాకు పేచీ.

ఎమ్మిగనూరులో మగ్గం మీద పడుగు చూశారా? పోగు పక్కన పోగు, అన్నీ సమాంతరం, అన్నిటిదీ ఒకే పొడవు. తిన్నని గీతకు ఆఫ్‌సెట్ అంటే అంతే. గీత వంగిందా, లెక్క మారిపోతుంది.

నాకిది మైదానంలో తెలిసొచ్చింది. చాలా ఏళ్ళ క్రితం ఒక బడిలో పరుగు పందేనికి సున్నంతో నాలుగు వరుసలు నేనే గీశాను. వరుస వెడల్పు 1.22 మీటర్లు. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి, ఎవరి వరుసలో వాళ్ళను ఒక చుట్టు పరిగెత్తించాను. రోజూ అందరికన్నా ముందుండే అమ్మాయి నాలుగో వరుసలో పరిగెత్తి ఆఖరున వచ్చింది. ఇంటికి వెళ్ళి లెక్క వేశాను. తిన్నగా ఉన్నచోట అందరికీ ఒకే దూరం. రెండు చివరల అర్ధవృత్తాలు కలిస్తే ఒక వృత్తం. వృత్తం చుట్టుకొలత వ్యాసార్థానికి సుమారు 6.28 రెట్లు. కాబట్టి వరుస వరుసకూ 7.66 మీటర్లు పెరుగుతుంది. మూడు వరుసలకు 23 మీటర్లు! బహుమతులు అప్పటికే ఇచ్చేశాం.

చుట్టు 200 మీటర్లదైనా 400 మీటర్లదైనా ఈ పెరుగుదల మారదు. పెద్ద పోటీల్లో బయటి వరుసల వాళ్ళను ముందుకు జరిపి నిలబెట్టేది అందుకే.

దీర్ఘవృత్తం సంగతి మరీ చిత్రం. దానికి అంతటా సమాన దూరంలో గీసిన గీత అసలు దీర్ఘవృత్తమే కాదు! ఆటోకాడ్ కూడా ఆ కొత్త గీతను ఎలిప్స్ అనదు, స్ప్లైన్ అంటుంది.

కంప్యూటరు వద్దని నేననను. గోడలూ రోడ్లూ గీసేవాళ్ళకు అది గంటల పని తప్పిస్తుంది. కానీ ఆ మీట నొక్కే ముందు ఒక్క పూట పిల్లల చేతికి మేకు, తాడు, సున్నం ఇవ్వాలి. మా మాస్టర్లు ఇవ్వకపోతే మీరే అడగండి. మేకు పాతి 5 మీటర్ల తాడుతో ఒక వృత్తం, అదే మేకు నుంచి 6 మీటర్ల తాడుతో మరొకటి గీయండి. రెండు గీతల మీదా తాడు పరిచి కొలవండి. తేడా 6 మీటర్ల 28 సెంటీమీటర్లకు దగ్గరగా రావాలి. రాలేదంటే తాడు సాగిందేమో చూడండి.