కొల్లేటి పచ్చిక బయళ్లు

కొల్లేరనఁగానే నీటిపక్షులును, చేఁపలును జ్ఞప్తికి వచ్చునుగాని, వేసవిని నీరు తీసిన నేలపై మొలచు పచ్చికయు, దానిని నమ్ముకొని బ్రదుకు కాపరియు నెవ్వరికిని జ్ఞప్తికి రారు. ఈ మఱపు దేశమునకు క్షేమకరము కాదు.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద వర్షకాలమున సరస్సును నింపి, ఉప్పుటేటి మార్గమున సముద్రముఁ జేరును. నీరు తగ్గినకొలఁది బయల్పడు ఒండ్రునేలపై గడ్డి మొలచును. మెరకపొలములలో మేత మాడిపోవు దినములలోనే యిచ్చట పచ్చిక దొరకును. సెంటు భూమియైన లేని కాపరికి ఈ బయలే మాన్యము. కోఁతలైన పొలమున మంద విడిసిన యెడల రైతునకు ఎరువు, కాపరికి గ్రాసము లభించును. ఇరువురకును లాభమే.

1970వ దశకమున ప్రభుత్వమే సహకార సంఘములకు చేఁపలచెరువులు త్రవ్వించెను. పిదప ధనబలము గలవారు తమ గట్లు తాము వేసికొనిరి. గట్టు వేసినచోట నీరు నిలుచును. నీరు నిలిచినచోట పచ్చిక మొలవదు. 1999లో ఐదవ కాంటూరు వఱకును అభయారణ్యమని ప్రకటించిరి. 2002లో రాంసార్ గుర్తింపు లభించెను. 2006లో గట్లు తెగఁగొట్టిరి. వానిలోఁ గొన్ని మరల లేచినవి. ఈ వివాదములన్నిటను చెరువుదారు గొంతు వినఁబడెను. పక్షుల పక్షమున వాదించువారును గలరు. కాపరి యభిప్రాయము నడిగినవా రెందఱు?

మందలు గూళ్లను త్రొక్కునని కొంద ఱాక్షేపింతురు. అదుపులేని మేత హానికరమే, మేమును కాదనము. కాని 1972నాటి వన్యప్రాణి చట్టము అభయారణ్యములలో మేతను క్రమపఱచుటకును, అవసరమైన నిషేధించుటకును అధికారమిచ్చినది. నిషేధమొక్కటే మార్గమని చెప్పలేదు. 2006నాటి అటవీహక్కుల చట్టము సంచార కాపరుల మేతహక్కును సైతము పేర్కొన్నది. గ్రామముల ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలఁగింపుఁడని 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి గ్రామమునను మేత పోరంబోకును కొలిపించి, ఆ లెక్కను చావడిలో నంటింపవలెను. ఏ నెలలో, ఏ తావున, ఎన్ని పసులు మేయవచ్చునో కాపరులను కూర్చుండఁబెట్టుకొనియే నిర్ణయింపవలెను. మందలు కదలుటకు ముందే టీకాలు వేయింపవలెను. అవి నడచు డొంకలను మూయరాదు.

మంగోలియా ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును పచ్చిక బయళ్లకును, పశుపాలకులకును అంకితము చేయ 2022లో నిశ్చయించెను. ప్రపంచము గౌరవించు వృత్తిని కైకలూరు ప్రాంతమున మనమే నిరాదరించుట తగునా? ఏలూరు, తాడేపల్లిగూడెము పౌరులారా! పాలు కావలెనన్నచో పసులకు బయలు కావలెను. దానికై మీ గొంతు కలుపుఁడు.