ఆయుధముల యెగుమతి - పార్లమెంటు

కుప్పము గనులలోని బండరాయి నొకదానిని లారీకెత్తి చెన్నపట్నపు రేవునకు పంపవలెనన్నచో, రాయల్టీ చెల్లించిన రసీదును రవాణా పర్మిట్టును లేనిదే బండి కదలరాదు. త్రోవలో అధికారి యడిగినచోట కాగితము చూపవలెను. ఇది న్యాయమే. కాని హైదరాబాదునుండి మారణాయుధము పరదేశమునకు పోవునప్పుడు, ఆ పర్మిట్టు నెవరికి, ఏ దేశమునకై యిచ్చిరో ప్రజలకు గాని వారి ప్రతినిధులకు గాని తెలియుట లేదు.

ఈ వ్యాపార మల్పమైనది కాదు. 2013-14లో 686 కోట్ల రూపాయలుగా నుండిన యెగుమతులు 2024-25 నాటికి 23,622 కోట్లకు పెరిగినవి. ఆ యొక్క సంవత్సరముననే 1,762 అనుమతులు జారీయైనవి. ఈ యంకెలను ప్రభుత్వమువారు సగర్వముగా ప్రకటించిరి. ఆయుధములకై పరుల ముంగిట నిలుచుట తగ్గి, మనమే విక్రయింపగల స్థితికి వచ్చుట మాకును సంతోషకరమే. అయితే ఏ దేశమునకెంత యని సభ్యులు ప్రశ్నించినప్పుడు, వ్యూహాత్మక కారణములచే చెప్పజాలమను ప్రత్యుత్తరమే పలుమారు లభించినది. ఫిలిప్పీన్సుకు బ్రహ్మోసు క్షిపణుల విక్రయమును 2022లో దేశమంతట చాటినవారికి తక్కిన దేశముల విషయముననే ఈ మౌనమేల?

ఆయుధముల కనుమతి నొసగునది రక్షణోత్పత్తుల శాఖ. భారత్ డైనమిక్సు వంటి ప్రభుత్వ కర్మాగారములపై పెత్తనమును, యెగుమతులను పెంచవలసిన భారమును ఆ శాఖవే. సరకమ్మువానికే తూనికల తనిఖీయు నప్పగించినట్లున్నది!

2018లో హైదరాబాదు చెంత తెరవబడిన అదానీ-ఎల్బిట్ కర్మాగారమునుండి మానవరహిత విమానములు ఇజ్రాయెలునకు పోయినవని 2024 ఆరంభమున వార్తలు వెలువడెను. గాజాలో యుద్ధము సాగుచున్న దినములవి. ఆ దేశమునకు ఆయుధముల యెగుమతిని నిలుపుమని కొందరు సుప్రీముకోర్టు నాశ్రయింపగా, విదేశాంగనీతి ప్రభుత్వమునకు చెందినదని 2024 సెప్టెంబరు 9న వారి యర్జీ కొట్టివేయబడెను. కోర్టు అడుగజాలదన్నచో, ప్రభుత్వము నడుగవలసినది పార్లమెంటు గాక మరెవరు?

బ్రిటనును చూడుడు. ఇరాకునకు సాగిన యుద్ధపరికరముల వ్యాపారముపై 1996లో స్కాటు నివేదిక వెలువడిన పిమ్మట, అచ్చట అనుమతుల వివరములు దేశముల వారీగా అచ్చుపడుచున్నవి. అమెరికాలో 1976 నాటి శాసనము ననుసరించి పెద్ద విక్రయములను ముందుగా కాంగ్రెసునకు తెలుపవలెను. అందువలన ఆ దేశముల వ్యాపారము మూతపడలేదు.

క్షిపణుల మర్మములను బయటపెట్టుమని మేము కోరుట లేదు. ఏ దేశమునకు, ఏ తరగతి ఆయుధము, ఎంత విలువకు పోయినదో యేటేట సభ ముందుంచవలెను. నిజముగా గోప్యమైనదానిని రక్షణశాఖా స్థాయీసంఘమునకు మూసిన తలుపుల నడుమ చూపవచ్చును. మా చిత్తూరు సభ్యుడు మొదలు తెలుగు సభ్యులందరును రానున్న సమావేశములలో నీ సంగతి నెత్తుకొనవలెను. ఆ 1,762 అనుమతులు ఏయే దేశములకై యీయబడినవో, నిరాకరింపబడిన దరఖాస్తు లెన్నియో మొదట అడుగవలెను.