తాళపుచెవి చేతికి వచ్చునాటి లెక్క

భద్రాచలము దాటి నాలుగడుగులు వేయగానే ఎటపాక తగులును. పోలవరము నిమిత్తమై ఏడు మండలములను 2014లో ఆంధ్రప్రదేశమునకు బదలాయించిన నాటినుండి అది పరరాష్ట్రము. ఆ చెంతనే పురుషోత్తపట్నమున శ్రీ సీతారామచంద్రస్వామివారి మాన్యము కలదు గనుక, పొలిమేర కావల ఆస్తి యుండి, దాని మంచిచెడ్డలకై అవతలి ప్రభుత్వపు కచేరీల గడప త్రొక్కవలసి వచ్చిన గృహస్థులలో మొదటివాడు మా రాముడే యని ఇక్కడివారము పరిహాసమాడుకొందుము.

మానవులమైన మా సంగతి వేరు. గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు గాకుండ 1959 నాటి నిబంధనమును 1970లో సవరించి బిగించిన శాసనమును ఈ సీమలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనని వాడు లేడు. కోయల పొలములు అప్పుపత్రముల మీద చేతులు మారిన తీరు నెరిగినవాడు ఆ శాసనమును తప్పుపట్టజాలడు. కాని దాని మూలమున, భద్రాచలమున వ్యాపారము చేసి నాలుగు డబ్బులు వెనకేసిన గిరిజనేతరుడు ఖమ్మములో ప్లాటో హైదరాబాదులో ఫ్లాటో కొనుట పరిపాటి యైనది. ఇప్పుడు పిల్లల వెంట ఆ డబ్బు సముద్రము కూడ దాటుచున్నది.

మొన్నటి మిర్చి కోతల కాలమున ఖమ్మము మార్కెట్టు ఎదుటి టీకొట్టు వద్ద నా బాల్యమిత్రుడు, డల్లాసు దాపున ఫ్రిస్కోలో నాలుగు లక్షల డాలర్ల ఇల్లు బేరమాడిన కుమారునితో మాటలాడుచు, నేనును వినుటకై ఫోను స్పీకరులో పెట్టినాడు.

“నాన్నా, డౌన్‌పేమెంటుకి మీరు పంపేది సరిపోద్ది. క్లోజింగుకి ఇంకో పద్నాలుగు వేలు కావాలంట.”

“పద్నాలుగు వేలకి ఇంత నసుగుడెందుకురా? సాయంత్రానికి కొడతా.”

“రూపాయలు కాదు నాన్నా, డాలర్లు.”

మిత్రుడు గ్లాసు బల్లపై నుంచి, డాలరుకు ఎనుబదియైదు చొప్పున హెచ్చవేసి చూచెను. పదకొండు లక్షల తొంబది వేలు. ఎన్ని బస్తాల తేజ మిర్చి యగునో అతడు మనసులో కొలుచుకొనుచున్నాడని అతని పెదవుల కదలికయే చెప్పుచుండెను.

ఆ కుర్రవానిది మోసము కాదు, కొనుగోలు ముగిసి తాళపుచెవి చేతికి వచ్చు ఆ క్లోజింగునాటి రివాజు అక్కడ అట్టిది. మనకు రిజిస్ట్రేషననగా తెలంగాణమున అన్నియు కలిపి ఏడున్నర శాతము, ఆపైన దస్తావేజు లేఖరి రుసుము. కొట్టిన దెబ్బ ఒక్కటే గనుక ముందే కాచుకొందుము. టెక్సాసులో స్టాంపు సుంకమే లేదు. దానికి మారుగా అప్పిచ్చువాడు పుచ్చుకొను రుసుము, ఇంటికి విలువ కట్టినవాని రుసుము, మనము ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు వెదకుకొను పనిని ఒక కంపెనీ చేసి పూచీపడు టైటిల్ ఇన్సూరెన్సు, ఇంటి బీమాకు తొలి ఏటి ప్రీమియము, ఆస్తిపన్నుకై ఎస్క్రోలో ముందుగా జమకట్టవలసిన నెలల సొమ్ము, ఇట్లు చీమలబారువలె వచ్చి, అన్నియు కలిపి రెండు మొదలు ఐదు శాతము వరకు తేలును. నాలుగు లక్షల ఇంటికి ఎనిమిది వేలు కావచ్చును, ఇరువది వేలును కావచ్చును. ఆ పద్నాలుగు వేలు నడిమి లెక్కయే.

అసలు చిక్కు ఈ గట్టుననే కలదు. మిత్రుడు రోడ్డువారను రెండెకరములమ్మి చేర్చిన నలుబది లక్షలను తన పేరనే ఒక్కమారుగా పంపదలచెను. విదేశములకు పంపు ధనము ఆర్థిక సంవత్సరమున పది లక్షలు దాటినచో, చదువునకును వైద్యమునకును కాని పక్షమున, దాటినదానిపై బ్యాంకు ఇరువది శాతము టీసీఎస్ అను పన్ను పట్టుకొనవలెనని 2025 ఏప్రిల్ నుండి నియమము. అనగా ఆరు లక్షలు ఆగిపోవును. ఆ సొమ్ము తిరిగివచ్చునదే. కాని రిటర్ను దాఖలు చేసినవానికి మాత్రమే. సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను లేదు గనుక జన్మలో రిటర్ను మొగము చూడని రైతునకు ఆ మాట కౌంటరు దగ్గర చెప్పిన నాథుడు లేడు. అదే సొమ్మును భార్యాభర్తలు చెరి సగముగా, మార్చిలో పది, ఏప్రిల్‌లో పది చొప్పున పంపినచో ఒక్క రూపాయియు పట్టుబడదు. కాని అంత వ్యవధి యుండవలెను గదా! క్లోజింగు తేదీ మన ఉగాది కొరకు ఆగదు. పంపిన తరువాతనైనను, ఇది అప్పు కాదు, కానుక యని తండ్రి వ్రాలు చేసిన ఉత్తరమును అక్కడి రుణదాత అడుగును. ఏటికి లక్ష డాలర్లు దాటిన కానుకయైనచో కుమారుడు 3520 సంఖ్య గల పత్రమున తన ప్రభుత్వమునకు తెలుపుకొనవలెను.

ఇతర దేశముల తీరు ఇంకను ఘాటు. దుబాయిలో భూమి శాఖకు నాలుగు శాతము. ఇంగ్లాండులో నివాసి కానివానిపై 2021 నుండి అదనముగా రెండు శాతము. సింగపూరులో విదేశీయుడు ఇల్లు కొన్నచో 2023 నుండి అరువది శాతము అదనపు సుంకము. అది వినిన పిమ్మట అక్కడ కొందుమను మాట మా వాడలో మరల వినబడలేదు.

గుడి కట్టించి, సర్కారు సొమ్ము లెక్క తేలక గోలకొండ చెరలో పడిన కంచెర్ల గోపన్న మా పాల్వంచ తహశీల్దారే. ఆయన పక్షమున రామలక్ష్మణులు వచ్చి మాడలు చెల్లించిరని చెప్పుకొందురు. క్లోజింగు బల్లవద్దకు అట్లెవరును రారు.

అప్పునకు దరఖాస్తు పెట్టిన మూడు పనిదినములలో అమెరికా రుణదాత ‘లోన్ ఎస్టిమేట్’ అను మూడు పుటల పత్రము ఇచ్చి తీరవలెను. మీ పిల్లలు ఇంటి ఫోటోలు పంపినప్పుడు, ముచ్చటపడి చూడుడు, పిదప ఆ పత్రమును కూడ పంపుమనుడు. చివరికి చేతిలో నుండవలసిన మొత్తము మొదటి పుట అడుగుననే అచ్చువేసి యుండును.

— పొలిమేరవాసి