రాత్రికి రాత్రి రాసిన మస్టరు

మొన్న మా ఊరి వ్యాపారుల సంఘం మీటింగులో ఓ సలహాదారు గంటసేపు మాట్లాడారు. పీఎఫ్, ఈఎస్‌ఐ వాళ్లు తనిఖీకి వస్తున్నట్టు నోటీసు అందితే కంగారు పడొద్దట. వారం గడువు చాలట. కొత్త మస్టరు కొని మూడేళ్ల హాజరు ఎక్కించేయాలి, రికార్డులో 19 మందిని మించి చూపకూడదు, మిగతా వాళ్లను కాంట్రాక్టరు మనుషులని చెప్పేయాలి. హాల్లో చప్పట్లే చప్పట్లు. ఇరవై రెండేళ్లుగా చిన్న షాపులకూ వర్క్‌షాపులకూ జీతాల లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ణి. నాకు మాత్రం చేతులు లేవలేదు.

ఇలా రాయించిన మస్టరు గతి నేను కళ్లారా చూశాను. ఒక వెల్డింగ్ షెడ్డు. తనిఖీకి వచ్చినావిడ పుస్తకం తీసి కాసేపు ఊరికే పేజీలు తిప్పింది. మూడేళ్లు షెడ్డులో ఉన్నదంటున్న పుస్తకానికి ఒక్క గ్రీజు మరక లేదు. 36 నెలలూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. సంక్రాంతి రోజున షెడ్డుకు తాళం వేసి ఉంటుందని వీధి వీధంతా ఎరుగును, మస్టర్లో మాత్రం అందరికీ ‘పి’. ఆవిడ కోప్పడలేదు. టీ తాగుతూ, ఆడిటరు సంతకం చేసిన బ్యాలెన్స్ షీటు తెప్పించండి అంది. అందులో జీతాల ఖర్చు, మస్టరు లెక్కకు రెట్టింపు దాటింది. లాభం తగ్గించుకోడానికి ఓనరు ఇన్‌కంటాక్స్ వాళ్లకు జీతాలు ఎక్కువ చూపించాడు, చందా తగ్గించుకోడానికి పీఎఫ్ వాళ్లకు తక్కువ చూపించాడు. రెండు కాగితాల మీదా సంతకం ఓనరుదే. మస్టరు అసలు లేకపోతే అశ్రద్ధ అని దండం పెట్టుకునేవాడేమో. రాయించాడు కాబట్టి దొంగలెక్క అయింది.

ఇక 19 మంది చిట్కా. పీఎఫ్‌కు 20 మంది ఉండాలన్నది నిజమే. అయితే ఈఎస్‌ఐకి 10 మంది చాలు. పీఎఫ్ తప్పించుకున్నానని మురిసిపోయే మనిషి ఈఎస్‌ఐ దగ్గర తానే రాసిన 19తో దొరికిపోతాడు. పైగా 20లోకి కాంట్రాక్టరు తెచ్చినవాళ్లూ వస్తారు. కాంట్రాక్టరు కట్టకపోతే ఆ చందా ముందు ఓనరే కట్టి, తర్వాత వాడి బిల్లులో కోసుకోవాలి. ఒకసారి చట్టం కిందికి వచ్చాక మనుషులు తగ్గారని చెప్పి బయటపడడం కుదరదు.

లెక్క వేసి చూద్దాం. నెలకు 12,000 జీతమున్న ముగ్గుర్ని రికార్డులో చూపకుండా మూడేళ్లు దాచారనుకోండి. కార్మికుడి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం, కలిపి మనిషికి నెలకు 2,880. ముగ్గురికి 36 నెలలకు 3,11,040 రూపాయలు. ఇందులో కార్మికుడి వాటా పాత జీతాల్లో పట్టుకోలేదు కదా, ఇప్పుడు పట్టుకుందామంటే చెల్లదు. రెండు వాటాలూ ఓనరు జేబులోంచే కట్టాలి. దానిమీద వడ్డీ, ఆపైన నష్టపరిహారం. ఈ లెక్క ఆ మీటింగులో ఎవరూ వేయలేదు.

జీతాన్ని భత్యాలుగా ముక్కలు చేస్తే చందా తగ్గుతుందని కూడా ఆ సలహాదారు అన్నారు. అందరికీ ఒకేలా ఇచ్చే భత్యం మూలవేతనం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే తేల్చింది. కొత్త వేతన కోడ్ ప్రకారం భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరా వేతనంలో కలిపేస్తారు. ఆయన చెప్పింది పాతబడిపోయిన మాట.

కవరు ఆశించే అధికారులు లేరని నేననను. చిన్న ఓనరుకు ఈ కాగితాల గోల భారమే, అదీ ఒప్పుకుంటాను. సమయానికి బిల్లులు రాని నెలలో చందా కట్టాల్సిన 15వ తేదీ ఎంత త్వరగా వచ్చేస్తుందో నాకు తెలియంది కాదు. కానీ కవరు ఇస్తే బ్యాలెన్స్ షీట్లో అంకె చెరిగిపోదు. ఆ మనిషి బదిలీ అయ్యాక వచ్చిన మనిషి అదే ఫైలు తెరుస్తాడు.

నోటీసు వచ్చినవాళ్లు చేయదగ్గది వేరే ఉంది. జీతాల ఖాతా, బ్యాంకు స్టేట్‌మెంటు, చలానాలు పక్కపక్కన పెట్టి నెలనెలా సరిచూడండి. ‘కూలి’, ‘హమాలీ’, ‘రిపేర్లు’ అని రాసిన వోచర్లు విడిగా తీయండి, తనిఖీలో ముందు వేలు పడేది వాటిమీదే. ఎవరికిచ్చారో, ఏ పనికో వెనక రాసి పెట్టుకోండి, తెలియకపోతే తెలియదనే చెప్పండి. తేడా తేలితే ఎవరూ అడగకముందే కట్టేయండి, కట్టిన రోజుతో వడ్డీ ఆగుతుంది. మస్టరు లేని నెలకు మస్టరు పుట్టించకండి.

ఆ సలహాదారుగారు మళ్లీ మీటింగుకు వస్తే మీలో ఎవరైనా లేచి ఒక్క మాట అడగండి. మస్టరు రాయించిపెట్టాక, విచారణ రోజున మా పక్కన వచ్చి కూర్చుంటారా అని.