భూక్‌ను ఇలాజ్ అనకండి

ఈ మధ్య మన ఇండ్లల్ల ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం కనిపిస్తోంది. డైట్ షీట్. పొద్దున ఓట్స్ ఒక గిన్నె, మీగడ తీసిన పాలు అర గ్లాసు. పదకొండింటికి దోసకాయ ముక్కలు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, నూనె లేని కూర. సాయంత్రం చక్కెర లేని చాయ్, రెండు మారీ బిస్కెట్లు. రాత్రికి ఒక పుల్కా, లేకుంటే సూప్. కింద గీత కొట్టి మొత్తం 1200 కేలరీలు అని రాసి ఉంటది. జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా ఈ కాగితం ఒక్క తీరే. షుగర్ వచ్చిన అమ్మీకీ ఇదే, మోకాళ్లు నొస్తున్న ఖాలాకూ ఇదే, నిఖా కుదిరిన బేటీకీ ఇదే.

నేను ఈ కాగితానికి ఖిలాఫ్. వజన్ తగ్గొద్దని కాదు. తగ్గాల్సినోళ్లు తగ్గాలె. నా ఝగడా ఆ కాగితం వెనక నిలబడ్డ దలీల్‌తోటి. నువ్వు ఎక్కువ తిన్నవ్, అందుకే లావైనవ్, ఇప్పుడు ఆకలితో ఉండు, అంటది ఆ దలీల్. మూడు నెలలకు పోయిన వజన్ మళ్లొస్తే, నీకు కంట్రోల్ లేదు అంటది. దవా పని చెయ్యకపోతే కసూర్ మరీజ్ మీదికి నెట్టేసుడు ఎక్కడి ఇన్సాఫ్?

భూక్ మనిషిని ఏం చేస్తదో తెలవని సంగతేం కాదు. 1944 నవంబర్‌లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో అన్సెల్ కీస్ అనే ఆయన ఒక తజుర్బా మొదలు పెట్టిండు. జంగ్‌లో హథియార్ పట్టమని ఇన్కార్ చేసిన 36 మంది నౌజవాన్లు తమ ఇష్టంతోనే అందులో చేరిన్రు. 24 వారాలు వాళ్లకు రోజుకు దాదాపు 1570 కేలరీలే పెట్టిన్రు. ఒంట్ల బరువు నాలుగో వంతు పోయింది. దాంతో పాటు ఇంకా చాలా పోయినయ్. ఎప్పుడూ చలి, చిన్న మాటకు గుస్సా, దిల్‌కు ఉదాసీ. పొద్దుమాపు తిండి గురించే ఖయాల్. వంటల పుస్తకాలు ముందటేసుకుని చదివిన్రు కొందరు. తర్వాత తిననిస్తే, పొట్ట నిండినా మనసు నిండక తింటూనే ఉన్నోళ్లున్నరు. వాళ్లు మొగోళ్లు, వారానికి 22 మైళ్లు నడిపించిన్రు, మన ఆడోళ్లకు అంత గిజా అక్కర్లేదు అంటరు డైటీషియన్లు. మానుతా. కానీ ఆ తిండి ఖయాల్, ఆ గుస్సా, విడిచిపెట్టినంక ఆ తినుడు కేరెక్టర్ లోపం కాదని, అది జిస్మ్ ఇచ్చే జవాబని ఆ తజుర్బా చూపించింది. మన ఇండ్లల్ల డైట్ చేసే భాబీ రాత్రి పదకొండింటికి వంటింట్ల నిలబడి చల్లన్నం తింటదంటే, అది కూడా గదే జవాబు.

తమాషా ఏందంటే, తర్వాత కాలంలో కొవ్వును గుండె జబ్బుకు ముజ్రిం చేసి కటఘరాలో నిలబెట్టింది కూడా ఈ కీస్ సాబే. 1961లో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. 1977లో అమెరికా సెనేట్ కమిటీ కొవ్వు తగ్గించండని మొత్తం ముల్క్‌కు చెప్పింది. ఆయన భూక్ గురించి చూపించింది దునియా మర్చిపోయింది, చర్బీ గురించి చెప్పింది పట్టుకుంది. మన ఫ్రిజ్ మీది కాగితం ఆ వారసత్వమే.

సబర్ లేదని మనకు చెప్తరా? రమజాన్‌లో ముప్పై రోజులు నీళ్లు కూడా ముట్టకుండా ఉండే ఔరత్‌కు, అందులోనే ముప్పూటలా వండి వడ్డించే ఔరత్‌కు సబర్ పాఠం చెప్పేటోళ్లు ఎవరు? అసలు సహరీయే మనకు ఒక మదర్సా. పాలల్ల ఫేనీ, డబల్ రొట్టె, చాయ్‌తో సహరీ చేసిన రోజు పొద్దున పదింటికే కండ్లు తిరుగుతయ్. ఖీమా, రెండు గుడ్లు, గడ్డ పెరుగు తిన్న రోజు జొహర్ దాకా ఆకలి గుర్తుకే రాదు. మనిషి అదే, సబర్ అదే, మారింది ప్లేటు. చక్కెర, మైదా తొందరగా నెత్తుట్ల కలుస్తయ్, షుగర్ ఎగుస్తది, దాన్ని దించేటందుకు ఇన్సులిన్ పరుగెత్తుతది, దిగినంక మళ్లీ ఆకలి. గోష్త్, గుడ్డు, పెరుగు, నెయ్యి, పల్లీలు పొట్టలో నిదానంగా కదులుతయ్. ఇది ప్రతి ఇంట్ల అమ్మీలకు తెలుసు. కాగితం రాసినోళ్లకే తెలవనట్టుంది.

ఇప్పుడు అసల్ మస్లాకు వస్తా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఔరతుల్లో 57 శాతానికి పైగా నెత్తురు తక్కువ ఉన్నోళ్లు. అదే సర్వేలో దాదాపు 30 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువు. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క వాడకట్టులనే, ఎన్నోసార్లు ఒక్క ఒంట్లనే, లావూ ఉంది, ఖూన్ కమీ కూడా ఉంది. ఎక్కువ తిన్న జిస్మ్ అయితే నెత్తురెందుకు తక్కువైతది? ఆ జిస్మ్‌కు అన్నం దండిగా దొరికింది, గిజా దొరకలేదు. అసుంటి మనిషికి ఉన్నదాంట్లో సగం తిను అని చెప్పుడు ఇలాజ్ కాదు, జుల్మ్.

కోరుట్ల, మెట్‌పల్లి బీడీల ఇండ్లు చూడండి. ఫజర్ నమాజ్ కాంగనే చాట ఒడిలో పెట్టుకుని కూర్చుంటరు. మధ్య మధ్యల చాయ్. రోజుకు ఐదు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాల చక్కెర అనుకుంటే పది చెంచాలు, అంటే 50 గ్రాములు. 25 గ్రాముల లోపల ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది. మధ్యాహ్నం గిన్నెడు అన్నం మీద పల్చటి ఖట్టా. సిరిసిల్ల సాంచాల కాడ రాత్రి పాళీ చేసే మొగోళ్ల హాల్ కూడా అంతే, చాయ్, బన్ను. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు అది రహమతే, గరీబు పొట్టకు అన్నం దొరికింది. కానీ నలభై ఏండ్లయినా ఆ బియ్యం పక్కకు ఏం రావాలె అని ఏ సర్కారూ గట్టిగా అడగలే. జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధనా స్థానం నుంచి సన్నాలు వచ్చినయ్, జగిత్యాల సన్నాలని రాష్ట్రమంత పేరు. నువ్వుల రకాలు కూడా అక్కడి నుంచే వచ్చినయ్. మన దస్తర్‌ఖాన్ మీదికి సన్నాలు వచ్చినయ్ గానీ నువ్వులు రాలే.

ఇండియాలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ వాళ్ల పెద్ద సర్వే 2023లో తేల్చింది. అదే సర్వే 2025లో తిండి హిసాబ్ కూడా చెప్పింది. మనోళ్ల కేలరీల్లో 62 శాతం దాకా పిండి పదార్థాల నుంచే, అందులో ఎక్కువ తెల్ల బియ్యం, పట్టిన గోధుమ పిండి, చక్కెర. అయితే ఒక మాట దాచను. ఆ సర్వే చర్బీని ఎక్కువ తినండని చెప్పలే. పిండి పదార్థం కొంత తగ్గించి ఆ జాగాలో పప్పులు, పాలు, పెరుగు లాంటి వాటి ప్రొటీన్ పెడితే షుగర్ ఖత్రా తగ్గుతదని చెప్పింది. నెయ్యి కూడా ఉండాలన్నది నా మాట. దానికి నా దలీల్ సాదాగా ఉంటది. నూనె చుక్క లేని పాలకూర ఎవరూ నెల రోజులు తినలేరు. నెయ్యి తాళింపు పెడితే తింటరు, పొట్ట నిండుతది, చాయ్ బిస్కెట్ యాదికి రాదు.

ఇక ఎవరి ప్లేట్ల ఏం పడుతోంది? ఇది మాట్లాడితే మొగోళ్లకు కోపమొస్తది, రానీయండి. దస్తర్‌ఖాన్ మీద ముందు కూర్చునేది మియాఁ, కొడుకులు, మెహమాన్లు. బోటీలు, నల్లీలు, కలేజీ ముక్కలు అక్కడ్నే అయిపోతయ్. ఆఖరుకు తినే ఆపాకు, బహూకు మిగిలేది అన్నం, షోర్వా. ఇరవై ఏండ్లు ఆమెకు గోష్త్ లేకుండ షోర్వా పోసి, అన్నంతోటే పొట్ట నింపుకోనిచ్చి, నలభై ఏండ్లకు ఆమెకు షుగరొస్తే ఆ అన్నంలో కూడా సగం తగ్గించమని కాగితం తెచ్చిస్తం. ఆ కాగితంలో బోటీ ముచ్చటే ఉండదు.

చర్బీ బద్నాం కావడంలో డాల్డా హిస్సా కూడా ఉంది. 1937లో ఆ పచ్చ డబ్బా మార్కెట్లకొచ్చింది, తర్వాత దావత్‌ల బిర్యానీలన్నీ దాని మీదే ఉడికినయ్. నకిలీ మనిషిని బనాస్‌పతి అని ఉర్దూలో ఎక్కిరించేది ఊరికే కాదు. ఆ గడ్డకట్టిన నూనెలో ట్రాన్స్ ఫ్యాట్ ఉంటదని, గుండెకు ఖరాబని తేలింది. మన సర్కారు 2022 జనవరి నుంచి దాన్ని రెండు శాతానికి కట్టేసింది. డాల్డా చేసిన గునాహ్‌కు నెయ్యికి కూడా సజా పడ్డది.

తెలుగు ముల్క్‌లో ఈ ముచ్చట రెండు కొసలకు ఊగింది. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె లేని వంట చెప్తే ఇండ్లకిండ్లు దాని వెనక పోయినయ్. తర్వాత 2017, 18 నాటికి విజయవాడ నుంచి వీరమాచినేని రామకృష్ణ గారొచ్చి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ గోలీలు అంటే అదే జనం ఇటు పరుగెత్తిన్రు. డాక్టర్లు మండిపడ్డరు, టీవీల్లో బహస్‌లు నడిచినయ్. మన గల్లీలల్ల కూడా నెత్తికి రాసే కొబ్బరి నూనెను నిమ్మరసంల కలుపుకుని తాగిన భాయీలున్నరు. గోష్త్ ఎంతైనా తినొచ్చట అని వినంగనే మాషా అల్లా అని చికెన్ సిక్స్‌టీఫైవ్ మీద పడ్డోళ్లూ ఉన్నరు. పామాయిల్‌లో వేగిన పిండి ముద్దకూ ఆయన చెప్పినదానికీ తాలూక్ లేదు, అది వేరే సంగతి. అన్నం, చక్కెర వదలమన్న మాటలో దమ్ముంది, చాలామందికి షుగర్ లెక్క దిగింది కూడా. కానీ తిండిని ఫిర్ఖాగా మార్చేసి, కొవ్వును గ్రాముల్లో తూచుకుని మింగుడు నాకు నచ్చదు. కేలరీల హిసాబ్ పోయి చర్బీ హిసాబ్ వస్తే ఏం మారినట్టు?

2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని రెండు జమాత్‌లు చేసిన్రు. ఒకరికి కొవ్వు తక్కువ, ఇంకొకరికి పిండి పదార్థం తక్కువ. ఇద్దరికీ కేలరీలు లెక్కపెట్టమని చెప్పలే. చక్కెర, మైదా మానండి, కూరగాయలు దండిగా తినండి, ఇంట్ల వండుకోండి అన్నరు. ఏడాది తిరిగేసరికి కొవ్వు తక్కువ తిన్నోళ్లు సగటున 5.3 కిలోలు, రెండో జమాత్ 6 కిలోలు తగ్గిన్రు. పెద్ద ఫరక్ లేదు. నాకు పసందైన జమాత్ గెలవకున్నా, కాగితం మీది 1200 లెక్క లేకుండనే రెండు జమాత్‌లు తగ్గినయ్ అన్నదే నాకు పనికొచ్చే గవాహీ.

ఖర్చు ఎట్ల అంటరు, సహీ సవాలే. వీర్నపల్లి నాకు గుర్తొస్తది. 2016లో ఎల్లారెడ్డిపేట నుంచి విడిపోయి మండలమైన ఊరు, గుట్టలు, తండాలు, మేకలు. అక్కడ మా ఖాలా వరుస ఆమె ఒకరు నాటు కోళ్ల గుడ్లు అమ్మి, ఆ పైసలతోటి ఓట్స్ ప్యాకెట్, మారీ బిస్కెట్లు కొనుక్కుంటది, డైట్ షీట్ ప్రకారం! ఇంట్ల గడ్డ పెరుగు కోడండ్లకు, ఆమెకు నీళ్ల మజ్జిగ. పైసల కమీ కన్నా అఖల్ మీద పడ్డ పర్దా పెద్దది అనిపించింది నాకు. ఓట్స్, బిస్కెట్లు, చక్కెర, కూల్ డ్రింకుల పైసలు ఒక నెల పక్కన పెట్టి చూడండి, గుడ్లు, పల్లీలు, నువ్వులు, పెరుగు వాటిలోనే వస్తయ్. దావత్‌ల గోష్త్‌తో పాటు డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, పైన ఐస్‌క్రీం పెట్టే ఇస్రాఫ్‌ను తగ్గిస్తే ఇంకా మిగులుతయ్. అన్నం పూర్తిగా మానుడు అక్కర్లేదు. ప్లేట్ల అన్నం ఉన్న జాగాలో కూర, కూర ఉన్న జాగాలో అన్నం పెట్టుకుంటే చాలు. పొట్టలో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మూడో వంతు సాఁస్‌కు అన్న నసీహత్ మన ఇండ్లల్ల పిల్లలకు కూడా తెలుసు. అది ఆకలితో ఉండమని చెప్పేది కాదు.

షుగర్ గోలీలు మింగేటోళ్లు మాత్రం ఈ రాత చదివి రేపట్నుంచి అన్నం మానెయ్యొద్దు. గ్లిమిపిరైడ్ లాంటి గోలీ, ఇన్సులిన్ సూది ఉన్నోళ్లు అన్నం తగ్గించి మోతాదు తగ్గించకపోతే షుగర్ ఒక్కసారి పడిపోయి జాన్ మీదికొస్తది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేటోళ్లు పిండి పదార్థం బొత్తిగా మానేస్తే నెత్తుట్ల కీటోన్లు పెరిగి యాసిడ్ అయ్యే ఖత్రా ఉంది. గుర్దాల మర్జ్ ఉన్నోళ్లు గోష్త్ ఎంత తినాలో డాక్టర్‌నే అడగాలె. నెయ్యి పెంచినంక కొందరికి చెడు కొలెస్టరాల్ ఎక్కుతది, మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేయించుకుని, ఎక్కితే నెయ్యి జాగాలో పల్లీ, నువ్వుల నూనె పెట్టుకోవాలె. డాక్టర్ సాబ్‌ను కాగితం ఇమ్మని అడగకండి, గోలీ మోతాదు తగ్గించమని అడగండి.

అందరికన్నా ఎక్కువ ఫికర్ నాకు రిష్తాల బజార్‌లో నిలబెట్టిన పిల్లల గురించి. పద్దెనిమిది, ఇరవై ఏండ్ల బేటీ, నెత్తురు తక్కువని ముందే తెలుసు. లడ్కా వాళ్లు మోటీ అన్నరని ఆమెకు దోసకాయ ముక్కలు పెడ్తం. జుట్టు ఊడుతది, నెలసరి తప్పుతది, షాదీ ఫోటోల కండ్ల కింద నలుపు. ఏడాది తిరగంగనే ఆ ఖాలీ జిస్మ్‌తోటే ఆమె ఒక బచ్చాను మోయాలె. ఫలానా ఇంటి కోడలు కాన్పుల నెత్తురు తక్కువై పరేషాన్ అయ్యిందంట అని మళ్లీ మనమే ముచ్చట పెట్టుకుంటం. ఆ ఇంట్ల ఫ్రిజ్ మీద కాగితం ఉంటే ఇయ్యాలనే తీసెయ్యండి. ఆ పిల్లకు పొద్దున నెయ్యిలో రెండు గుడ్లు వేసి పెట్టండి, తమ్మునికి పెట్టేకన్నా ముందు.