కూలి ఈగ విద్య ఎవరి సొత్తు?

ఐరోపా జాతి తేనెటీగలను పెట్టెల్లో పెంచి పూత వెంట చేలు తిరిగే చిన్న రైతుకు వర్రోవా నల్లి సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆవగింజంత ఉంటుంది. పిల్ల పురుగున్న గదికి మైనపు మూత పడబోయే ముందు తల్లినల్లి లోపల దూరి, పిల్లను పీలుస్తూ గుడ్లు పెడుతుంది. రెక్కలు వంకరపోయే జబ్బునూ అంటిస్తుంది. వదిలేస్తే రెండు మూడేళ్లలో పెట్టె ఖాళీ.

మందు పట్టీలు అమ్మే కంపెనీలకు ఇది మంచి బేరం. ఫ్లూవాలినేట్ పట్టీలు వచ్చిన కొన్నేళ్లకే ఐరోపాలో, అమెరికాలో నల్లి దానికి మొండికేసింది. ఇంకో మందు కొనమన్నారు. ఈ వరస మన పత్తి రైతుకు తెలియనిదా!

అయితే కొన్ని పట్లు మందు లేకుండానే బతుకుతున్నాయి. అక్కడి కూలి ఈగలు (బడి పుస్తకాలు పెట్టిన పేరే ఇది, నేను పెట్టింది కాదు) నల్లి పట్టిన పిల్లను మూత కిందనే వాసనతో పసిగడతాయి. మూత కొరికి, ఆ పిల్లను లాగి పారేస్తాయి. నల్లి సంతతి అక్కడితో ఆగుతుంది. ఆసియా నాటు ఈగకు ఈ విద్య ఎప్పటినుంచో ఉంది. మన చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టేదీ ఆ జాతే.

ఇక్కడో చిక్కుంది. ఈ పని చేసే కూలి ఈగకు సంతానం ఉండదు. మరి ఆ గుణం తర్వాతి తరానికి ఎట్లా అందుతుంది? తల్లి రాణి ద్వారా, పోతుటీగల ద్వారా. కొత్త రాణి గూడు విడిచి ఎగిరిపోయి, చుట్టుపక్కల పట్ల నుంచి వచ్చిన పది పదిహేను పోతుటీగలతో గాలిలోనే జతకడుతుంది. అప్పుడు తెచ్చుకున్న వీర్యమే దానికి బతికినంత కాలం. పోతుటీగకు తండ్రి లేడు, తల్లి గుణమే మోసుకొస్తుంది. కనుక మీ పెట్టెలో ఎంత మేలైన రాణి ఉన్నా, పక్కవాళ్ల పెట్టెల్లోని పోతుటీగలు కొరగానివైతే మనవరాళ్ల నాటికి గుణం పలచబడుతుంది. డబ్బున్నవాడు ఒక్కడే కొని దాచుకునే సొత్తు కాదిది, ఊరుమ్మడి చెరువు లాంటిది.

క్యూబా దీన్ని చేసి చూపింది. 1996లో అక్కడ నల్లి కనబడింది. బయటి ఈగల దిగుమతికి తావివ్వలేదు, మందులు ఆపేశారు. 2022లో వెలువడిన పరిశోధన ప్రకారం దీవి మొత్తం మీద దాదాపు 2,20,000 పట్లు రెండు దశాబ్దాలకు పైగా మందు లేకుండా నిలిచాయి. 2010 నుంచి పట్టుకు ఏటా సగటున 40 నుంచి 70 కిలోల తేనె వచ్చింది.

అట్లాగని "మందు మానెయ్యండి, గట్టివి మిగుల్తాయి" అని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల మాట వినొద్దు. స్వీడన్‌లోని గాట్లాండ్ దీవిలో 1999లో 150 పట్లను అట్లాగే వదిలేశారు. మూడేళ్లలో నూటికి ఎనభైకి పైగా చచ్చాయి. మిగిలినవాటి సంతతి నల్లిని తట్టుకుంది, నిజమే. కాని అప్పు తెచ్చి పది పెట్టెలు కొన్నవాడికి రెండు మిగిలితే వడ్డీ ఎవరు కడతారు?

ఆ నష్టం ప్రభుత్వం మోయాలి. 2020లో కేంద్రం తేనెటీగల మిషన్‌కు 500 కోట్లు ప్రకటించింది. అటువంటి నిధులతో నల్లిని తట్టుకున్న పట్ల నుంచి రాణులను పెంచే కేంద్రం జిల్లాకొకటి పెట్టాలి. ఆ రాణులను మండలంలోని పెంపకందార్లందరికీ ఒకేసారి ఇవ్వాలి. ఈ మార్పులో చచ్చిన ప్రతి పెట్టెకూ పరిహారం కట్టాలి. పెంపకందార్లు సంఘంగా ఏర్పడి, వచ్చే పూత కాలానికి ముందే ఈ కోర్కెలతో కలెక్టరు కచేరీకి కదలాలి.