తాళాల గుత్తి

మా ఆవిడ బీరువా తాళాలు రొంటిని దోపుకోనిదే గడప దాటదు. ఇరవై ఏళ్లుగా దీనిమీద నేను చేస్తూ వచ్చిన వేళాకోళానికి మొన్న మాఘమాసంలో వడ్డీతో సహా చెల్లించుకున్నాను.

మా దగ్గర తెలుగు చదువుకున్న పాత విద్యార్థులకోసం కంప్యూటరులో ఒక కబుర్ల పందిరి వేశాను లెండి. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన మాస్టడాన్‌ను ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని సొంత సర్వరుమీద నడుపుకోవచ్చు. తెలుగు మాస్టారికి ఇదెందుకని అడుగుతూనే మా మేనల్లుడు సాయం చేశాడు.

వాడు డాకర్ పద్ధతిలో పెట్టాడు. ప్రోగ్రామునూ దాని సరంజామానూ ఒక కంటెయినరులో సర్దుతారు. ఓడలకెక్కే పెట్టెల పేరే దానికీను. పాతది పారేసి క్షణంలో కొత్తది తెచ్చుకోవచ్చు. అంచేత పోకూడనివేవీ అందులో ఉంచరు.

తాళాలు పుట్టే తీరు చూచి విస్తుపోయాను. ఆజ్ఞ ఇవ్వగానే తాత్కాలికంగా ఒక కంటెయినరు లేచి, అంకెలూ ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిపి 128 గుర్తులు తెరమీద పరచి మాయమైపోయింది. ఆ వరస మళ్లీ రమ్మన్నా రాదు. లోపలికి వచ్చినవారిని గుర్తుంచుకునేది అది. కబురు పంపే నోటిఫికేషన్లకు వేపిడ్ అని మరో జంట. 2024 అక్టోబరులో వచ్చిన 4.3 నుంచి ఇంకో మూడు. డేటాబేసులోని రహస్యాలను గుప్తలిపిలో దాచేవి ఇవే.

"వీటిని ఒక్కసారే చేస్తారు మావయ్యా, మళ్లీ మార్చకూడదు" అని వాడు పెన్ డ్రైవులో ఒక నకలు ఇచ్చాడు. మా ఆవిడ దాన్ని నగలపెట్టె పక్కన పెట్టి తాళం వేసింది.

మాఘంలో పెద్ద సర్వరుకు మారవలసి వచ్చింది. మేనల్లుడు ఊళ్లో లేడు. డేటాబేసును జాగ్రత్తగా చేరవేశాను. కొత్త ఇంటికి పాత తాళాలేమిటని కొత్తవి చేయించాను! పాత సర్వరును తుడిచేశాను కూడా.

తెల్లవారేసరికి అందరూ వీధిలో ఉన్నారు. పాస్‌వర్డుతో కొందరు తిరిగొచ్చారు. రెండంచెల తాళం పెట్టుకున్నవారికి మాత్రం దారి లేదు. వారి రహస్యాలు పాత తాళంతో మూసినవాయె. అది పెట్టుకోమని పోరినవాణ్ణి నేనే.

మధ్యాహ్నం మా గురువుగారు ఫోను చేశారు. డెబ్భై ఎనిమిదేళ్లు. "ఏమోయ్, రోజూ కొట్టినట్టే అంకెలు కొడుతున్నాను, తలుపు తియ్యడం లేదు. నా మతి పోతోందేమో. అబ్బాయి డాక్టరుకు చూపిస్తానంటున్నాడు."

తప్పు నాదండీ అనవలసింది. "చూస్తానండీ" అన్నాను.

పెన్ డ్రైవు బీరువాలో, తాళం మా ఆవిడ రొంటిని, ఆవిడ పిఠాపురం పెళ్లిలో! బస్సెక్కాను. పెళ్లిపందిట్లో అడిగితే, గుత్తి తీసి ఇస్తూ, "ఏమండీ, వేళాకోళం ఇక్కడే చేస్తారా, ఇంటికెళ్లి చేస్తారా?" అంది.

పాత తాళాలు ఎక్కించి కంటెయినర్లను మళ్లీ లేపేసరికి దీపాలు పెట్టే వేళయింది. అప్పుడు గురువుగారింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మాట్లాడకుండా అంకెలు కొట్టారు. తలుపు తెరుచుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, వంటింటివైపు కేకేశారు:

"అబ్బాయ్, ఇలా రా. వీడు నీతో ఏదో చెప్పాలిట."